బోణీ వేళకు వాసవితో బజారుకు

మామయ్యా, నమస్కారం.

మీరు వెళ్లిపోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెలలోనే సంవత్సరీకం. అంగడి బాగానే నడుస్తోంది. మీ అబ్బాయి మీరు కూర్చున్న చోటే కూర్చుంటున్నారు. మీలాగా పిల్లలకు కొసరు మాత్రం పెట్టరు. ఈ మాట నేను అంటున్నానని అనుకోకండి, మార్కాపురం బజారంతా అంటోంది.

అత్తమ్మ కులాసా. నోరు కూడా కులాసాగానే ఉంది.

ఈ కబుర్ల కోసం కాదు రాస్తున్నది. వాసవి గురించి... మీ మనవరాలి సంగతి మీకు గాక ఇంకెవరికి చెప్పుకోను? మా పుట్టింటివాళ్లకు చెబితే వ్రతాలు చేయమంటారు. పక్కింటివాళ్లకు చెబితే అయ్యో అంటారు. ఆ అయ్యో వినలేక చస్తున్నాను.

దానికి తొమ్మిదేళ్లు నిండాయి. పొడుగైంది. మాటలు ఇప్పటికీ తక్కువే. పెద్ద చప్పుడు విన్నా, జనం మీద పడ్డా, అనుకున్నది అనుకున్నట్టు జరక్కపోయినా కేకలు పెడుతుంది. నేల మీద పడుకుంటుంది. చేతికందినవాళ్లను కొడుతుంది, కొరుకుతుంది. ఇవన్నీ మీకు తెలిసినవే. కానీ మీరున్నప్పుడు అవి బజారులో ఎప్పుడూ జరగలేదు. రోజూ సాయంత్రం దాని వేలు పట్టుకుని తీసుకెళ్లి, తీసుకొచ్చేవారు. మేమంతా అదేదో మామూలు సంగతి అనుకున్నాం. ఎట్లా చేసేవారు మామయ్యా? ఎవరికీ చెప్పకుండా పోయారే...

నేను విసుక్కున్నప్పుడల్లా మీరు ఒకటే మాట అనేవారు. "పిల్లది మొండితనం గాదమ్మా, గోలంతా బజారుది. మనకు చెవులు మొద్దుబారినాయి, దానికి బారలే." అప్పుడు నవ్వేదాన్ని. తాతల గారాబం అనుకునేదాన్ని.

మీరు పోయాక కూడా సాయంత్రమయ్యేసరికి చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడేది. ఎవరినీ అడగదు. ఏడవదు. నిలబడేది, అంతే. చీకటి పడ్డాక తనే చెప్పులు విప్పి లోపలికి వచ్చేది. ఆ నిలబడటం చూసి నా ప్రాణం ఎన్నిసార్లు పోయిందో నాకే తెలియదు.

బడి తెరిచే ముందు దానికి గౌన్లు అన్నీ పొట్టివైపోయాయి. బజారులో కొత్తగా మూడంతస్తుల బట్టల షాపు వచ్చింది. అందులోకి తీసుకెళ్లాం, నేనూ మీ అబ్బాయీ. నాకు బుద్ధి ఉండాలి. లోపల అడుగడుగునా అద్దాలు, పైన స్పీకర్లలో పాటలు, మైకులో ఆఫర్ల కేకలు. అది చెవులు మూసుకుంది. ఇంక వెళ్లిపోదాం అని నేను అనేలోపే సేల్స్ కుర్రాడు కొలత చూద్దామని ఒక గౌను తెచ్చి దాని భుజాల మీద పెట్టాడు. పాపం, అతని పని అతను చేశాడు.

అది అతని చెయ్యి కొరికింది. బల్ల మీద గుట్టగా పెట్టిన బట్టలన్నీ లాగి పడేసింది. ఆ బట్టల మధ్యే పడుకుని కేకలు... అట్లాంటి కేకలు ఇంట్లో కూడా ఎప్పుడూ పెట్టలేదు మామయ్యా. నేను పక్కన కూలబడి ఏం చేయాలో తోచక దాని వీపు రాస్తూ ఉండిపోయాను. రాసేకొద్దీ కేకలు ఎక్కువయ్యాయి.

ఎవరో ఫోన్ తీసి వీడియో తీశారు. మేము ఇంటికి చేరేలోపే మన చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఆ వీడియో చేరింది. "ఎవరి పిల్ల ఇది?" అని ఒకరు, "మన వాళ్లదే" అని ఒకరు. ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు.

ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను. అందులో మీ అబ్బాయి కూడా ఉన్నారు. షాపు గుమ్మం దగ్గర, ఎవరి పిల్లో అన్నట్టు, రోడ్డు వైపు చూస్తూ. ఆయన కూడా చూసే ఉంటారు. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ అన్నారు. "ఇంక దాన్ని బజారుకు తీసుకపోవద్దు. ఏం కావాలన్నా ఇంటికే తెప్పిస్తా. మనం బయటికి పోయినప్పుడు అమ్మ కాడ ఇంట్లో ఉంటాది."

అత్తమ్మ కూడా అదే మాట. "నలుగురి నోళ్లల్లో పడేకన్నా నాలుగు గోడల్లో ఉండేది నయం."

నాకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు ఇంట్లో పెట్టి తలుపేస్తే మళ్లీ ఎప్పుడు తీస్తారు? పదిహేనేళ్లకా? పాతికేళ్లకా? నేను పోయాక దానికి ఉప్పు ప్యాకెట్ కావాలంటే ఎవరిని అడుగుతుంది? ఇవన్నీ గట్టిగానే అడిగాను. మీరుంటే నా గొంతు అంత పెద్దదని మొదటిసారి తెలుసుకునేవారు. చివరికి మీ అబ్బాయి ఒక మెట్టు దిగారు. "నాయన సంవత్సరీకం దాకా చూడు. ఈలోగా బజారులో ఇంకొక్కసారి అట్లాంటిది జరిగిందంటే మాత్రం నన్ను అడగొద్దు."

ఇంకొక్కసారి. ఆ మాట ఆరోజు నుంచి నా మెడ మీద కూర్చుంది.

ఎవరో చెబితే దాన్ని గిద్దలూరు తీసుకెళ్లాను. ఇట్లాంటి పిల్లలకు నేర్పే మేడమ్ ఒకావిడ అక్కడ కూర్చుంటుంది. చిన్న వయసే, కానీ వాసవిని తాకకుండా, పలకరించకుండా దాని పక్కన చాలాసేపు ఊరికే కూర్చుంది. అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది. తర్వాత నాకు చెప్పింది... పెద్ద షాపులు వద్దు, చిన్న అంగడితో మొదలుపెట్టండి. జనం లేని వేళ చూసుకోండి. మొదట ఏమీ కొనొద్దు, ఊరికే లోపలికి వెళ్లి బయటికి రండి. వెళ్లేముందు ఏం జరగబోతోందో బొమ్మలు గీసి చూపించండి. అది అలిసిపోకముందే వచ్చేయండి, మంచిగా ఉన్నప్పుడే ముగించండి.

బొమ్మలు అనగానే నాకు పలక గుర్తొచ్చింది. పలకల ఊరు మార్కాపురంలో పలకకు కరువా? పలక మీద వరుసగా ఇల్లు, రోడ్డు, అంగడి, మళ్లీ ఇల్లు గీశాను. ఒక్కొక్కటి అయిపోగానే దాని చేత తుడిపించాలి. నా బొమ్మల సంగతి మీకు తెలుసుగా... అంగడి గీస్తే ఎద్దులబండిలా వచ్చింది. అయినా వాసవికి అర్థమైంది. అది ఉమ్ముతో తుడుస్తుంటే అత్తమ్మ సరస్వతమ్మకు ఉమ్మేంది అని కేకలేసింది. అప్పటినుంచి తడిగుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుంటున్నాను.

దానికి చెప్పులు కూడా బిగుతయ్యాయి. అందుకని మన వీధి చివర చెప్పుల అంగడి ఎంచుకున్నాను. మీరు తమ్ముడూ అని పిలిచేవారే, ఆయనదే. పాటలు లేవు, మైకు లేదు. జనం లేని వేళ ఏదంటే పొద్దున్నే షట్టర్ ఎత్తిన వేళ. నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించి, ఆయన ఇట్లా కూర్చోగానే మేము అట్లా వెళ్లేవాళ్లం. చెవుల్లో దూది పెట్టుకుని వాసవి లోపలికి అడుగుపెట్టేది. గల్లాపెట్టె వెనక్కి తొంగి చూసేది. మీ కోసమేనేమో... తర్వాత బయటికి వచ్చేది, అంగడి బొమ్మ తుడిచేది. ఒక్క కేక లేదు. నాకు ఆకాశంలో తేలినట్టుండేది.

మీరు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. నాకు మాత్రం తట్టలేదు మామయ్యా! వరసగా మూడు పొద్దులు, బోణీ వేళకు, అంగట్లోకి వెళ్లి, చుట్టూ చూసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చాను.

ఆ చెప్పులాయన పెద్దమనిషి, ముఖం మీద ఏమీ అనలేదు. అత్తమ్మకు కబురు పంపాడు. "వదినా, మనకూ మీకూ పాత పగలేమన్నా ఉండాయా? మీ కోడలు పొద్దున్నే వచ్చి బోణీ చెడగొట్టి పోతాంది."

ఇంక చూసుకోండి. అత్తమ్మ నన్ను మూడు పూటలా ఉతికింది. "అంగడోళ్ల ఇంటి కోడలివి, ఈ ఇంట్లో ఇన్నేండ్ల నుంచి ఉప్పు తింటాండావు, బోణీకాడికి వట్టి చేతుల్తో పోకూడదని తెలియదా? నీ మామ వింటే ఏమనేటోడు?" తిట్టింది నిజమే గానీ అందులో అబద్ధం ఏముంది? గిద్దలూరు మేడమ్‌కు బోణీ గురించి ఎవరు చెబుతారు? నేనే చూసుకోవాల్సింది. పిల్ల కేక పెడుతుందేమోనన్న భయంలో పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి తెలిసిన సంగతి కూడా మరిచిపోయాను.

మీ అబ్బాయి కంచం ముందు నుంచి లేచి అంగడికి వెళ్లిపోయారు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

మర్నాడు బొమ్మల వరుస మార్చాను. అంగడి తర్వాత ఒక చెయ్యి గీశాను, చేతిలో నోటు. వాసవి చేత బూట్ల లేసులు కొనిపించాను. ఆ అంగట్లో అంతకన్నా చవకైన వస్తువు లేదు. నోటు అదే ఇచ్చింది. ఆయన ఆ నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. అది కళ్లార్పకుండా చూసింది. ఆ తర్వాత రోజూ లేసులే. మన ఇంట్లో బూట్లు వేసుకునేవాళ్లు ఒక్కరూ లేరు, లేసులు మాత్రం ఇల్లంతా. అత్తమ్మ వాటితో పాల ప్యాకెట్ల మూతి కడుతోంది.

బోణీ బాగుందో లేదో ఆయన ఏనాడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మేము వచ్చేసరికి ఫ్యాన్ మాత్రం ఆపి ఉంచేవాడు. దాని చప్పుడు వాసవికి పడదని ఎప్పుడు కనిపెట్టాడో.

అట్లా కార్తీకం వచ్చింది. ఇక అసలు పని, చెప్పులు కొనడం. కాలికి తొడిగి చూడాలి, పరాయి చెయ్యి పాదానికి తగులుతుంది. ముందురోజు సాయంత్రమే పలక సిద్ధం చేశాను. పాదం, పాదం కింద కొత్త చెప్పు. అది ఆ బొమ్మను చాలాసార్లు ముట్టుకుంది. దానికీ తెలుసు, ఇది కొత్తదని. పొద్దున్నే తనే తయారై నా కొంగు పట్టి లాగింది.

వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది. తాళం.

ఇంటిల్లిపాదీ దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లారట. పక్క టీ బంకు వాళ్లు చెప్పారు. ఆ మాట వింటూనే పలక వైపు చూశాను. పలక మీద అంగడి ఉంది. ఎదురుగా అంగడి లేదు. తుడవడానికి వీల్లేదు, ముందుకు పోవడానికీ వీల్లేదు...

ముందు సన్నగా మూలిగింది. నేను ఇంటికి పోదాం తల్లీ, రేపు వద్దాం అన్నాను. అది వినలేదు. అరచేత్తో తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకూడదని తెలుసు, అయినా పట్టుకున్నాను. విదిలించుకుని వెళ్లి రోడ్డు నడిమధ్యన పడుకుంది.

కార్తీకమాసం కదా, పొద్దున్నే బండ్లు ఎన్నో. ఒక ఆటో మా మీదికి వచ్చినట్టే వచ్చి ఆగింది. వెనక పాలవ్యాను, దాని వెనక యాత్రికుల జీపు. హారన్లు. ఒక్కో హారన్‌కు దాని కేక ఇంకొంచెం పైకి లేస్తోంది. దాని పలక నా చేతిలో ఉంది, పిల్ల బలంగా వీపు నేలకేసి కొట్టుకుంటోంది. జనం మూగారు.

"గాలి సోకినట్టుంది, నిమ్మకాయ తిప్పిచ్చు తల్లీ."

"గాలీ లేదు గీలీ లేదు, రెండు తగిలిస్తే లేస్తాది."

ఒకతను ఫోన్ పైకెత్తాడు. నేను దండం పెట్టాను, తీయొద్దు అన్నా అని. అతనికి వినబడిందో లేదో. నాకప్పుడు ఒక్కటే తోచింది. అయిపోయింది. ఇంకొక్కసారి అన్నారుగా, ఆ ఒక్కసారి ఇదే. ఇంత కష్టపడి, ఇంటినిండా లేసులు కొని... ఇక నా పిల్ల నాలుగు గోడల్లోకి పోయింది.

మన అంగడి అదే వీధిలో కదా, ఎవరో పరిగెత్తి మీ అబ్బాయికి చెప్పారు. ఆయన వస్తుంటే దూరం నుంచే చూశాను. తెల్లచొక్కా, నుదుటన కుంకుమ. బోణీ కూడా కాకుండానే అంగడి వదిలి పరిగెత్తుకొస్తున్నారు. ముఖం నల్లబడి ఉంది. వచ్చి దాన్ని ఎత్తి భుజాన వేసుకుని ఇంట్లో పడేస్తారని అనుకున్నాను. అడ్డం పడదామని లేచాను కూడా.

ఆయన వంగారు. దాని మీదికి చేతులు చాపారు... ఆగారు.

తల తిప్పి ఆ ఫోన్ పట్టుకున్నతని వైపు చూశారు. గొంతు పెంచలేదు. "తియ్యి అన్నా. ఈసారి నన్ను గూడా తియ్యి. మా పాపే ఇది."

అని, రోడ్డు మీద, దాని పక్కన చతికిలబడి కూర్చున్నారు మామయ్యా. తన బజారులో, తనతో బేరం చేసేవాళ్లందరి ముందు, ఆ తెల్లచొక్కాతో దుమ్ములో. దాన్ని తాకలేదు. ఆటో అతనితో అన్నారు, "కాసేపు ఇట్లనే పండుకుంటాది. మళ్ల లేస్తాది. మీరు హారన్ కొట్టకుండా పక్కనుంచి పోనీండి నాయనా."

ఫోన్ దిగిపోయింది. పాలవ్యాను అతను దిగి జీపును వెనక్కి పంపించాడు. నేను అటువైపు కూర్చున్నాను. నా కళ్లలో నీళ్లు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

మీ అబ్బాయి నా చేతిలోని పలక తీసుకున్నారు. అది ఏమిటో, దాని పద్ధతి ఏమిటో నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. బలపం తీసుకుని నేను గీసిన అంగడి మీద అడ్డంగా గీతలు గీశారు, షట్టర్‌లాగా. కింద తాళంకప్ప గీశారు. ఎంత బాగా గీశారో! ఇన్నేళ్లలో ఈయనకు బొమ్మలు వచ్చని నాకు తెలియదు. ఆ పలక దాని తల దగ్గర నేల మీద పెట్టి ఊరుకున్నారు.

ఎంతసేపో తెలియదు. కేక మూలుగైంది. మూలుగు ఆగింది. అది పక్కకు తిరిగి పలక చూసింది. లేచింది. తిన్నగా వెళ్లి షట్టర్‌కు వేసిన నిజం తాళం పట్టుకుని గట్టిగా లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. వెనక్కి వచ్చి నా సంచిలోంచి తడిగుడ్డ తీసి అంగడి, తాళం రెండూ తుడిచేసింది. ఇంటివైపు నడిచింది. మేమిద్దరం దాని వెనకాలే నడిచాం.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు గడువు మాట ఆయనే ఎత్తుతారని కాచుకుని ఉన్నాను. మజ్జిగ పోసుకుంటూ అన్నారు. "వాళ్లు ఎల్లుండికి శ్రీశైలం నుంచి వస్తారంట. అంగడి తెరవంగనే చెప్పులు కొనుక్కోని రాండి." అంతే. నేను లోపలికెళ్లి గిన్నెలు సర్దుతున్నట్టు నిలబడి ఏడ్చాను.

కొన్నాం మామయ్యా. ఒక కాలికి తొడగనిచ్చింది, రెండో కాలికి తనే తొడుక్కుంది.

దానికి నయమైందని రాయడం లేదు. మొన్న మందుల షాపులో మళ్లీ చెవులు మూసుకుంది, సగంలో తీసుకొచ్చేశాను. రేపు మళ్లీ రోడ్డు మీద పడుకోవచ్చు. పడుకుంటుంది కూడా. అప్పుడు దాని పక్కన కూర్చోవడానికి ఇప్పుడు ఇద్దరం ఉన్నాం. నాకు మీతో చెప్పాలనిపించింది ఇదే.

సంవత్సరీకానికి చుట్టాలందరూ వస్తారు. ఆరోజు వాసవిని వెనక గదిలో ఉంచము. వచ్చినవాళ్ల మధ్యే ఉంటుంది, అరిస్తే అరుస్తుంది. ఇది మీకు నా మాట.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. కొడుకు నడిరోడ్డు మీద కూర్చున్నాడన్న సంగతి ఆరోజే పది నోళ్ల మీదుగా అత్తమ్మకు చేరింది. నాకు మళ్లీ ఉతుకుడు తప్పదనుకున్నాను. ఆవిడ ఆ తెల్లచొక్కా తనే రెండుసార్లు ఉతికింది. చాలాసేపు వాకిట్లో కూర్చుంది. సాయంత్రం నన్ను పిలిచి, వాసవి వైపు చూడకుండా, గొణిగినట్టు అంది.

"ఈసారి బజారుకు నేను గూడా వస్తా. దుమ్ములో కూర్చుంటే మళ్ల లేవలేను నేను. నాకొక పీట ఎత్తుకోని రా."

పీట తీసుకెళ్తాను మామయ్యా.

మీ కోడలు,
పద్మ